24 కోట్ల వరుసలు, మూడు పాత డెస్క్‌టాప్‌లు: స్పార్క్ సార్ట్ డైరీ

పని ఒక్కటే. మార్కెట్ లాట్ల డేటాని మూడు మిషన్ల స్పార్క్ క్లస్టర్ మీద ఏదో ఒక కాలమ్ ప్రకారం సార్ట్ చేయడం, అంటే క్రమంలో పేర్చడం. స్పార్క్ అంటే పెద్ద డేటా పనిని కొన్ని మిషన్లకి పంచి నడిపే సాఫ్ట్‌వేర్, అలా కలిపి కట్టిన మిషన్ల గుంపే క్లస్టర్. ఇదే సెటప్ ఇంట్లోనో హాస్టల్‌లోనో కట్టుకునేవాళ్లకి పనికొస్తుందని కొలతలతో సహా రాసి పెడుతున్నాను. ఏది ఎందుకు మార్చానో అక్కడక్కడే ఉంది.

డేటా సంగతి ముందే చెప్పాలి. వరంగల్ ఎనుమాముల మార్కెట్లో ఒక అడ్తి (కమీషన్) దుకాణం వాళ్లు రైతుల పేర్లు తీసేసి పాత మిర్చి లెక్కలు ఇచ్చారు. అవి కొన్ని లక్షల వరుసలే. ఆ సైజుకి స్పార్క్ దండగ, మామూలు లాప్‌టాప్‌లో పాండాస్ (పైథాన్ లైబ్రరీ) క్షణాల్లో సార్ట్ చేసేస్తుంది. క్లస్టర్ ఎక్కడ ఇరుక్కుంటుందో చూడాలనుకున్నాను కాబట్టి అదే పోలికలో డేటాని పెంచి 24 కోట్ల వరుసలు చేశాను. అందుకని కింద కనబడే ధరలు, రకాల వాటాలు నేను పెంచినవే. వాటిని మార్కెట్ లెక్కలనుకోవద్దు.

చేతిలో ఉన్నవి:

1. ఒకటో మిషన్: 4 కోర్లు, 16 జీబీ ర్యామ్, ఎస్ఎస్‌డీ. మాస్టర్ (క్లస్టర్‌ని చూసుకునేది), డ్రైవర్ (మన పనిని నడిపించేది), ఒక వర్కర్ (పని చేసేది) ఇందులోనే.
2. రెండు, మూడు మిషన్లు: ఒక్కోదాంట్లో 4 కోర్లు, 8 జీబీ ర్యామ్, మామూలు హార్డ్ డిస్క్.
3. ఉబుంటు, జావా 17, స్పార్క్ 3.5, స్టాండలోన్ మోడ్ (స్పార్క్ సొంత క్లస్టర్ పద్ధతి). ఒక్కో ఎగ్జిక్యూటర్‌కి (వర్కర్ మీద టాస్కులు నడిపే ప్రాసెస్) 5 జీబీ.
4. డేటా: 9 కాలమ్‌లు. తేదీ, యార్డు, సరుకు, రకం, ఊరు, లాట్ నంబరు, బస్తాలు, క్వింటాళ్లు, ధర. సీఎస్‌వీగా 18 జీబీ.

దశ 1: ఫైలు మూడింటికీ ఒకే చోట కనబడాలి

ఫైలు ఒకటో మిషన్‌లో మాత్రమే ఉంటే మిగతా రెండూ 'ఫైల్ నాట్ ఫౌండ్' అంటాయి. ఇది అందరికీ తెలిసిందే. మూడింటిలోనూ అదే పాత్‌లో కాపీ పెడితే చదవడం వరకు సాఫీగా నడుస్తుంది. ఇబ్బంది రాసేటప్పుడు వస్తుంది, అదీ చప్పుడు లేకుండా. ప్రతి వర్కర్ తన డిస్క్ మీదే రాసుకుంటుంది. డ్రైవర్‌కి తన మిషన్‌లో ఉన్న ముక్కలే కనబడతాయి, వాటినే చివరి ఫోల్డర్‌లోకి జరిపి 'సక్సెస్' ఫైలు పెట్టేస్తుంది. మిగతా ముక్కలు రెండో, మూడో మిషన్లలో టెంపరరీ ఫోల్డర్ కింద పడి ఉంటాయి. ఒకటో మిషన్‌లోనే ఫలితం చదివితే ఎర్రర్ రాదు. వరుసలు మాత్రం మూడో వంతే వస్తాయి.

1. ఒకటో మిషన్ ఎస్ఎస్‌డీ మీద ఒక ఫోల్డర్‌ని ఎన్ఎఫ్ఎస్‌తో (నెట్‌వర్క్ మీద ఫోల్డర్ పంచే పద్ధతి) పంచి, మూడింటిలోనూ ఒకే పాత్‌లో మౌంట్ చేయాలి.
2. స్పార్క్‌ని నడిపే యూజర్ ఐడీ నంబరు మూడు మిషన్లలో ఒకటే ఉండాలి. పేరు కలిసినా నంబరు కలవకపోతే రాయనివ్వదు.
3. ఏ పని చేసినా ముందో కౌంట్, తర్వాతో కౌంట్.

హెచ్‌డీఎఫ్ఎస్ (ఫైళ్లని మిషన్లన్నిటి మీదా పంచి దాచే వ్యవస్థ) పెట్టొచ్చు కదా అంటే పెట్టొచ్చు. మూడు మిషన్లకి అంత సంసారం ఎందుకని వదిలేశాను. దానికి కట్టిన మూల్యం మూడో దశలో కనబడుతుంది.

దశ 2: మొదటి పూర్తి సార్ట్, 70 నిమిషాలు

ధర మీద పెద్ద నుంచి చిన్నకి ఆర్డర్‌బై (సార్ట్ చేయమనే ఆదేశం) పెట్టి, ఫలితాన్ని పార్కెట్ (కాలమ్‌ల వారీగా కుదించి దాచే ఫార్మాట్) ఫైళ్లుగా రాయమన్నాను. 4040 పోర్ట్‌లో వచ్చే పేజీ తెరిచి చూస్తే ఒక్క పనికి మూడు జాబ్‌లు:

1. మొదటి జాబ్, 18 నిమిషాలు. ఏ కాలమ్ ఏ రకమో కనిపెట్టడానికి ఫైలంతా ఒకసారి చదివింది. ఇది ఇన్ఫర్ స్కీమా ఆప్షన్ పని.
2. రెండో జాబ్, 18 నిమిషాలు. ఫైలు మళ్లీ మొదటి నుంచి చివరిదాకా.
3. మూడో జాబ్, 34 నిమిషాలు. అసలు సార్ట్ ఇదే: చదవడం 18, షఫుల్ (వరుసల్ని మిషన్ల మధ్య అటూ ఇటూ పంపడం), సార్ట్, రాయడం కలిపి 16.

రెండో జాబ్ ఎందుకో కోడ్ చూస్తే తెలియదు, నేను సార్ట్ తప్ప ఏమీ అడగలేదు మరి. స్పార్క్‌లో పూర్తి సార్ట్ అంటే ముందు ధరల శ్రేణులు కట్టాలి: ఇంత నుంచి ఇంత వరకు ఒక పార్టిషన్ (డేటా ముక్క), ఆపైది ఇంకోటి. తర్వాత ప్రతి వరుసనీ దాని పార్టిషన్‌కి పంపి, ఎక్కడికక్కడ సార్ట్ చేస్తుంది. పార్టిషన్లని నంబరు ప్రకారం పక్కపక్కన పెడితే మొత్తం క్రమం వచ్చేస్తుంది. శ్రేణి గీతలు ఎక్కడ గీయాలో తెలియాలంటే ధరలు ఎక్కడ గుంపుగా ఉన్నాయో తెలియాలి. ఖరీదుదారు బస్తాలోంచి గుప్పెడు మచ్చు తీసి లాటంతటికీ ధర కట్టినట్టు, స్పార్క్ ప్రతి పార్టిషన్ నుంచి కొన్ని విలువలు తీసి అంచనా వేస్తుంది. డిఫాల్ట్‌గా పార్టిషన్‌కి సగటున 100. తీసేది గుప్పెడే గానీ, ఆ గుప్పెడు కోసం సార్ట్‌కి ముందున్న పనంతా ఒకసారి పూర్తిగా నడుస్తుంది. చదవడం, ఫిల్టర్లు, జాయిన్‌లు (పట్టికల్ని కలపడం) ఏమున్నా సరే. సార్ట్‌కి ముందు బరువైన జాయిన్ ఉంటే దాని ఖర్చు రెండింతలు అన్నమాట. క్యాష్ చేస్తే తప్పుతుంది. కానీ ఈ డేటా మన మెమరీలో పట్టదు.

ఇంతా అయ్యాక ఫలితం తెరిస్తే అన్నిటికంటే పైన ఉన్న ధర 9,950. డేటాలో 20,000 దాటిన లాట్లు ఉన్నాయి. గుమస్తాల్లో ఒకరు ధరని కామాతో కొట్టేవారు, ఒకరు కామా లేకుండా. కామా ఉన్నందువల్ల స్కీమా కనిపెట్టే 18 నిమిషాల జాబ్ కూడా ధరని స్ట్రింగ్ (అంకె కాదు, అక్షరాలు) అనే తేల్చింది. స్ట్రింగ్‌గా పోలిస్తే మొదటి అక్షరం 9 ఉన్నది 2 ఉన్నదాని కంటే పెద్దదే.

మార్చినవి:

1. స్కీమా (ఏ కాలమ్ ఏ రకమో చెప్పే జాబితా) చేత్తో రాసిచ్చాను. 70 నుంచి 52 నిమిషాలు.
2. కామా తీసేసి, ఆ తర్వాతే ఇంటీజర్‌గా మార్చాలి. 3.5లో నేరుగా మారిస్తే కామా ఉన్న ధరలన్నీ నోరెత్తకుండా నల్ (ఖాళీ విలువ) అయిపోతాయి. స్పార్క్ 4.0 నుంచి యాన్సీ మోడ్ డిఫాల్ట్‌గా ఆన్‌లో ఉంటుంది కాబట్టి అక్కడైతే ఎర్రర్ వస్తుంది, అదే మేలు. మార్చే ముందూ తర్వాతా నల్‌ల కౌంట్ చూసుకోవాలి.
3. శుభ్రం చేసిన డేటాని ఒకసారి పార్కెట్‌గా రాసి పెట్టుకున్నాను. దీనికి పట్టింది 23 నిమిషాలు, ఒక్కసారి ఖర్చు. 18 జీబీ కాస్తా 4.1 జీబీ అయింది. రెండుసార్లు చదవడం తప్పదన్నప్పుడు చదివేది చిన్నదైతే నయం కదా.

పూర్తి సార్ట్ లెక్క ఇప్పటిదాకా: 70 → 52 → 19 నిమిషాలు.

దశ 3: తీగ

19 నిమిషాల్లో సీపీయూ ఎంతసేపు పనిచేసిందా అని చూస్తే, రెండో, మూడో మిషన్లలో అది చాలాసేపు ఖాళీగా కూర్చుంది. స్టేజ్ పేజీలో టాస్కుల పట్టిక పైన అదనపు కొలతలు చూపించే లింకు ఉంటుంది. అందులో 'షఫుల్ రీడ్ బ్లాక్డ్ టైమ్' ఆన్ చేస్తే గుట్టు బయటపడింది. టాస్క్ సమయంలో సగానికి పైగా పక్క మిషన్ నుంచి డేటా ఎప్పుడొస్తుందా అని ఎదురుచూడడమే.

నెట్‌వర్క్ వేగం కొలిచే ఐపెర్ఫ్‌తో కొలిస్తే మిషన్ల మధ్య 94 ఎంబీపీఎస్ (సెకనుకి మెగాబిట్లు). పాత స్విచ్, 100 ఎంబీపీఎస్‌ది. అంటే సెకనుకి 12 ఎంబీ (మెగాబైట్లు) కూడా లేదు. ఇంతకీ ఎన్ఎఫ్ఎస్ ఫోల్డర్ ఒకటో మిషన్‌లో ఉంది కాబట్టి చదవడమూ, షఫుల్లూ, రాయడమూ అన్నీ ఆ ఒక్క తీగ మీదే. షఫుల్ రాత మొత్తం 11 జీబీ. మూడు మిషన్లున్నప్పుడు అందులో సుమారు మూడింట రెండు వంతులు తీగ దాటాల్సిందే.

హన్మకొండ చౌరస్తా దగ్గర ఐదు పోర్టుల గిగాబిట్ స్విచ్ తెచ్చి పెట్టాను. ఒకటి, మూడు మధ్య 941 ఎంబీపీఎస్ వచ్చింది. రెండో మిషన్ మాత్రం 94 దగ్గరే ఉంది. ఈథ్‌టూల్‌లో (నెట్‌వర్క్ కార్డు వివరాలు చూపే టూల్) చూస్తే అది 100కే ఒప్పుకుంటోంది. కనెక్టర్‌ని వెలుతురులో పెట్టి చూస్తే లోపల నాలుగు తీగలే ఉన్నాయి: నారింజ జత, ఆకుపచ్చ జత. నీలం, గోధుమ రంగు జతలని ఎవరో కత్తిరించి వదిలేశారు. గిగాబిట్‌కి నాలుగు జతలూ కావాలి. కేబుల్ మార్చాక అక్కడా 941.

పూర్తి సార్ట్ లెక్క: 70 → 52 → 19 → 9 నిమిషాలు.
ఖర్చు: స్విచ్, రెండు కేబుళ్లు కలిపి 1,450 రూపాయలు.

స్పార్క్‌లో ఏ సెట్టింగ్ మార్చినా ఇంత తేడా రాలేదు. ట్యూనింగ్ వీడియోలు చూసే ముందు ఐపెర్ఫ్ ఒకసారి నడిపి చూడండి.

దశ 4: క్రమం వచ్చింది, కానీ కావాల్సిన క్రమం కాదు

తక్కువ ధర నుంచి సార్ట్ చేసి మొదటి వరుసలు చూస్తే ధర కాలమ్ అంతా ఖాళీ. రైతుకి ధర నచ్చక లాటు వెనక్కి తీసుకుంటే ధర గడి ఖాళీగా వదిలేస్తారు. స్పార్క్‌లో చిన్న నుంచి పెద్దకి సార్ట్ చేస్తే నల్‌లు ముందుంటాయి, పెద్ద నుంచి చిన్నకైతే చివర. చిన్న ధరల క్రమంలో కూడా నల్‌లు చివరికి పోవాలంటే 'యాస్క్ నల్స్ లాస్ట్' అని విడిగా చెప్పాలి. వేరే డేటాబేస్ నుంచి వచ్చినవాళ్లు ఇక్కడ తడబడతారు, ఎందుకంటే ఇది అన్నిట్లో ఒకలా ఉండదు. పోస్ట్‌గ్రెస్‌లో దీనికి తిరగేసి ఉంటుంది.

రెండోది, టైలు. మిర్చి ధరలు రౌండ్ ఫిగర్లలో పలుకుతాయి కాబట్టి 14,000 దగ్గర లక్షల లాట్లు ఉంటాయి. ఒకే ధర ఉన్నవాటిలో ఏది ముందో స్పార్క్ హామీ ఇవ్వదు. షఫుల్ ముక్కలు వచ్చే క్రమం పరుగు పరుగుకీ మారుతుంది, లాట్లూ మారతాయి. రెండు పరుగుల ఫలితాలని డిఫ్ చేస్తే (పోల్చి తేడాలు తీస్తే) ఊరంతా తేడాలే. ధర, తేదీ, యార్డు, లాట్ నంబరు, నాలుగూ సార్ట్‌లో పెట్టాక డిఫ్ ఖాళీగా వచ్చింది. సమయంలో తేడా చెప్పుకోదగ్గంత లేదు. లాట్ నంబరు కూడా స్ట్రింగే, 10 వచ్చి 9 ముందు కూర్చుంటుంది. దాన్నీ ఇంటీజర్ చేయాలి.

మూడోది ఊరి పేర్లు, ఇది కాస్త సరదాగా ఉంది. ఊరి మీద సార్ట్ చేసి కౌంట్ తీస్తే హసన్‌పర్తి మూడుసార్లు వచ్చింది. కంటికి రెండు ఒకేలా ఉన్నాయి. బైట్లు తీసి చూస్తే ఒకదాంట్లో 'న్' తర్వాత ఖాళీ స్పేస్, ఇంకోదాంట్లో జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కనబడని అక్షరం, మూడోదాంట్లో ఏమీ లేక 'న', 'ప' కలిసి వత్తు పడింది. ఆ కనబడని అక్షరం యూనికోడ్‌లో తెలుగు అక్షరాలన్నిటి తర్వాత ఎక్కడో ఉంటుంది, స్పేస్ అన్నిటికంటే ముందు. స్పార్క్ 3.5 స్ట్రింగ్‌లని బైట్ల ప్రకారమే పోలుస్తుంది కాబట్టి మూడూ మూడు ఊళ్లు. రకాల కాలమ్‌లోనూ ఇదే కథ. 2025లో జీఐ గుర్తింపు వచ్చిన చపాటా మిర్చి మన డేటాలో చపాట, చపాటా, టమాటా అని మూడు పేర్లతో మూడు చోట్ల ఉంది.

బైట్ల పోలికలో ఇంకోటి కూడా ఉంది. 'ళ' మన వర్ణమాలలో 'హ' తర్వాత వస్తుంది, యూనికోడ్‌లో 'ల' పక్కనే, 'వ' కంటే ముందుంటుంది. నిఘంటువు క్రమం కావాలంటే స్పార్క్ 4.0లో వచ్చిన కొలేషన్ (భాష ప్రకారం అక్షర క్రమం) చూడాలి. నాకు ఊళ్ల క్రమం కంటే ఊళ్ల సంఖ్య ముఖ్యం కాబట్టి, సరైన పేర్ల చిన్న పట్టిక ఒకటి పెట్టి జాయిన్ చేసి వదిలేశాను.

దశ 5: తేజ తిప్పలు

ధర మీద 9 నిమిషాల్లో అయిన సార్ట్‌ని రకం మీద పెట్టాను. అదే డేటా, అవే మిషన్లు. అన్ని టాస్కులూ మూడు నిమిషాల్లో అయిపోయి ఒక్కటి మిగిలింది. ఇరవై నిమిషాలు దాటాక అది కూడా పడిపోయింది: 'నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్'.

ఇందులో రెండు జబ్బులున్నాయి. ముందు డిస్క్ సంగతి. మూడో మిషన్‌లో ఉబుంటు రూట్ పార్టిషన్ 20 జీబీ, అందులో మిగిలింది 8. స్పార్క్ షఫుల్ ఫైళ్లు, మెమరీ చాలక దించుకునే స్పిల్ ఫైళ్లు డిఫాల్ట్‌గా టెంప్ ఫోల్డర్‌లోకి పోతాయి, అది రూట్ మీద ఉంది. పక్కనే హోమ్ పార్టిషన్‌లో వందల జీబీ ఖాళీ.

1. అప్లికేషన్ వైపు నుంచి లోకల్ డైరెక్టరీ సెట్టింగ్ ఇస్తే స్టాండలోన్ క్లస్టర్‌లో ఎగ్జిక్యూటర్లు పట్టించుకోవు. అవి వర్కర్ చెప్పిన చోటే రాస్తాయి.
2. ప్రతి వర్కర్ మిషన్‌లో స్పార్క్ ఎన్వ్ ఫైలులో 'స్పార్క్ లోకల్ డిర్స్' పెట్టాలి.
3. వర్కర్‌ని ఆపి మళ్లీ లేపాలి. లేపకపోతే పాత చోటే.

ఇది సరిచేశాక పని పూర్తయింది గానీ 31 నిమిషాలు పట్టింది.

రెండో జబ్బు పెద్దది. స్టేజ్ పేజీలో టాస్కుల సంఖ్య 10 ఉంది. షఫుల్ పార్టిషన్లు డిఫాల్ట్‌గా 200 కదా, 10 ఏంటి? రకాల పేర్లు సరిచేశాక అవి పది దాకానే ఉన్నాయి: తేజ, వండర్ హాట్, 341, దీపిక, చపాటా, తాలు, ఇలా. శ్రేణి గీత రెండు వేర్వేరు విలువల మధ్యే పడుతుంది, ఒకే విలువని మధ్యకి నరకదు. కాబట్టి విలువలెన్నో పార్టిషన్లు అన్నే. పైగా నేను పెంచిన డేటాలో పదింట నాలుగు వరుసలు తేజవే. సుమారు 9.6 కోట్ల వరుసలు ఒకే టాస్క్‌కి, అంటే ఒకే కోర్‌కి పడ్డాయి. ఆ టాస్క్ వరుసలో స్పిల్ మెమరీ 11 జీబీ, స్పిల్ డిస్క్ 4 జీబీ పైన. పక్క టాస్కుల్లో ఆ రెండు గడులూ ఖాళీ. మిగతా 11 కోర్లూ చేతులు కట్టుకుని కూర్చున్నాయి.

చేసి చూసినవి, పనికిరానివి:

1. షఫుల్ పార్టిషన్లు 200 నుంచి 800. టాస్కులు అవే 10. సమయం అదే.
2. ఎగ్జిక్యూటర్ మెమరీ 5 నుంచి 6 జీబీ. స్పిల్ కొంచెం తగ్గి 28 నిమిషాలు. 8 జీబీ మిషన్‌లో అంతకంటే పెంచితే ఉబుంటుకి ఊపిరాడదు.
3. అడాప్టివ్ ఎగ్జిక్యూషన్, అంటే నడుస్తుండగానే ప్లాన్ సర్దుకోవడం. 3.2 నుంచి డిఫాల్ట్‌గా ఆన్‌లోనే ఉంది. దాని స్క్యూ (ఒక పార్టిషన్‌కే ఎక్కువ వరుసలు పడటం) వైద్యం ప్రధానంగా జాయిన్‌లకి. సార్ట్‌లో లావైన పార్టిషన్‌ని అది చీల్చదు.
4. సాల్టింగ్, అంటే కీ ముందు ఒక రాండమ్ అంకె తగిలించడం. లెక్కలకి బాగుంటుంది, సార్ట్‌కి ముందు తగిలిస్తే క్రమమే పోతుంది.

పనిచేసింది చాలా మామూలుది: రకంతో పాటు తేదీ, యార్డు, లాట్ నంబరు కూడా సార్ట్‌లో పెట్టడం. శ్రేణులు కట్టేది మొదటి కాలమ్ ఒక్కదాని మీద కాదు, సార్ట్‌లో ఉన్న కాలమ్‌లన్నీ కలిపి. కాబట్టి తేజ 2021 జనవరి ఒక పార్టిషన్‌లో, తేజ 2021 మార్చి ఇంకోదాంట్లో పడ్డాయి. తేజ ఒక్కటే 80 దాకా పార్టిషన్లకి పంచుకుంది. రకం క్రమం ఏమాత్రం చెడలేదు. టాస్కులు 200, స్పిల్ దాదాపు లేదు.

రకం మీద సార్ట్ లెక్క: పడిపోయింది → 31 → 28 → 9.5 నిమిషాలు.

టైల కోసం నాలుగో దశలో పెట్టిన కాలమ్‌లే ఇక్కడ స్క్యూకి మందయ్యాయి. అందుకే తక్కువ రకాల విలువలున్న కాలమ్ మీద ఒంటరిగా సార్ట్ పెట్టడం పూర్తిగా మానేశాను.

మధ్యలో ఒక ఎండాకాలం మధ్యాహ్నం కరెంటు పోయింది. మూడో మిషన్‌కి యూపీఎస్ లేదు. పని ఆగలేదు గానీ, ఆ మిషన్ డిస్క్ మీదున్న షఫుల్ ఫైళ్లు అందక 'ఫెచ్ ఫెయిల్డ్' వచ్చి, పోయిన ముక్కల్ని మిగతా రెండూ మళ్లీ మొదటి నుంచి తయారుచేశాయి. 9.5 కావాల్సింది 21 నిమిషాలైంది. పాత యూపీఎస్ ఒకటి 1,800కి దొరికింది.

ఖర్చు మొత్తం: 3,250 రూపాయలు.

దశ 6: రాసింది తిరిగి చదివితే క్రమం లేదు

రకం, తేదీ క్రమంలో సార్ట్ చేసి రాసిన ఫోల్డర్‌ని మర్నాడు చదివి పై వరుసలు చూస్తే మొదట రావాల్సిన 341 లేదు, ఎక్కడో మధ్యలోని తేజ లాట్లున్నాయి. ఫైళ్లని విడివిడిగా తెరిస్తే ప్రతి దాంట్లో క్రమం సరిగ్గానే ఉంది. పార్ట్ నంబర్ల ప్రకారం చూసినా సరిగ్గానే ఉంది. తేడా వచ్చేది చదివే దగ్గర. స్పార్క్ ఫైళ్లని పేరు ప్రకారం తీసుకోదు. పెద్ద ఫైలు ముందు, చిన్నది వెనక అని సైజు ప్రకారం పేర్చి, ఒక్కో టాస్క్‌కి డిఫాల్ట్‌గా 128 ఎంబీ దాకా సర్దుతుంది. ఏ ఫైలు కొంచెం లావుగా ఉంటే అది ముందు.

అంటే డిస్క్ మీది క్రమాన్ని నమ్మి మళ్లీ సార్ట్ చేయకుండా వాడుకుందామంటే కుదరదు. చదివాక క్రమం కావాలంటే చదివాక సార్ట్ చేయాల్సిందే. అలాగే సార్ట్ చేశాక ఫైళ్లు ఎక్కువయ్యాయని రీపార్టిషన్ పెడితే ఇంకో షఫుల్ జరిగి క్రమం పోతుంది. ఫైళ్లు తక్కువ కావాలంటే షఫుల్ పార్టిషన్లనే తగ్గించాలి. లేదా రీపార్టిషన్ బై రేంజ్ (శ్రేణుల ప్రకారం పంచడం) చేసి, దాని మీద సార్ట్ వితిన్ పార్టిషన్స్ (ఎక్కడికక్కడ సార్ట్) పెట్టాలి. నాకు రెండోది నచ్చింది, ఏం జరుగుతుందో కోడ్‌లోనే కనబడుతుంది.

మరి సార్ట్ చేసి రాయడం దండగేనా అంటే కాదు. ఒకేలాంటి విలువలు పక్కపక్కన చేరడంతో 4.1 జీబీ ఫోల్డర్ 2.7 జీబీకి తగ్గింది. ఇంకో లాభం: పార్కెట్ ఒక్కో రో గ్రూపుకి (ఫైలులోని వరుసల గుంపు) ప్రతి కాలమ్‌లో కనిష్ఠ, గరిష్ఠ విలువలు రాసి పెట్టుకుంటుంది. తేజ, ఒక్క నెల అని అడిగితే సార్ట్ చేయని ఫోల్డర్‌లో ప్రతి రో గ్రూపులోనూ కాస్త తేజ ఉంటుంది కాబట్టి 4.1 జీబీ అంతా చదివింది. సార్ట్ చేసిన ఫోల్డర్‌లో ఇన్‌పుట్ గడి 45 ఎంబీ చూపించింది.

దశ 7: సేటు అడిగింది వేరే

డేటా ఇచ్చిన దుకాణంలో ఇదంతా చూపిస్తే సేటు కాసేపు తెరని చూసి, "తమ్మీ, గిన్ని కోట్ల వరుసలు నేనేం జేసుకుంట? తేజల ఎక్కువకు పోయిన పది లాట్లు జెప్పు, సాలు. జెండా పాటకు ఎంత తక్కువ పోయినయో జూస్త" అన్నారు (జెండా పాట అంటే ఆ రోజు వేలంలో ముందుగా పలికే గరిష్ఠ ధర). గుమస్తా అప్పటికే చిట్టా మీద వేలు పెట్టి వెతుకుతున్నాడు.

పది లాట్లే కావాలంటే పూర్తి సార్ట్ అక్కర్లేదు. ఆర్డర్‌బై పక్కనే లిమిట్ 10 పెడితే స్పార్క్ ప్లానే మార్చేస్తుంది. ఎక్స్‌ప్లెయిన్‌లో (ప్లాన్ చూపే ఆదేశం) ఎక్స్‌చేంజ్ (షఫుల్), సార్ట్ రెండూ మాయమై 'టేక్ ఆర్డర్డ్ అండ్ ప్రాజెక్ట్' అని వస్తుంది. ప్రతి టాస్క్ తన ముక్కలో పై పదిని మాత్రమే దగ్గర ఉంచుకుంటుంది, చివర వాటిని కలిపి పది తీస్తుంది. మచ్చు తీసే జాబ్ లేదు, 11 జీబీ షఫుల్ లేదు.

24 కోట్లలో పై 10: పూర్తి సార్ట్‌తో 9 నిమిషాలు, లిమిట్‌తో 48 సెకన్లు.

ప్రతి రకానికీ పై పది కావాలంటే విండో (వరుసల్ని గుంపులుగా చూసి లెక్కలు వేసే ఫంక్షన్) వాడి, రకం వారీగా రో నంబర్ వేసి పది లోపు ఫిల్టర్ చేయాలి. తేజ అంతా మళ్లీ ఒకే టాస్క్‌కి పోతుందేమో అనుకున్నాను. 3.5లో దీనికో కొత్త సదుపాయం వచ్చింది: ఫిల్టర్‌ని చూసి, షఫుల్‌కి ముందే ప్రతి ముక్కలో రకానికి పదికి మించినవి రాలగొట్టేస్తుంది. ప్లాన్‌లో 'విండో గ్రూప్ లిమిట్' అని కనబడుతుంది. 2 నిమిషాల 10 సెకన్లు. ఫిల్టర్ తీసేసి నడిపితే ఎంతో చూద్దామని మొదలుపెట్టి, తేజ టాస్క్ స్పిల్ పెరగడం చూసి ఆపేశాను.

ఇప్పుడు నా దగ్గర ప్రతి సార్ట్ ముందూ ఒక ప్రశ్న ఉంది: క్రమం ఎవరికి కావాలి? మనిషి చూడటానికైతే లిమిట్. ఫైళ్లు తొందరగా చదవడానికైతే రేంజ్, లోపల సార్ట్. ఒక్కో రకం లాట్లని తేదీ క్రమంలో దాటుకుంటూ పోవడానికైతే రకం మీద రీపార్టిషన్, లోపల సార్ట్. ఇక్కడ మాత్రం తేజ ఒకేచోట పడటం తప్పదు. మొత్తం డేటాకి ఒకే క్రమం కావాల్సిన పని నాకు ఒక్కటే మిగిలింది.

దశ 8: సీరియల్ నంబర్లు

అది ఇదే. ధర క్రమంలో 1 నుంచి 24 కోట్ల దాకా నంబర్లు వేయాలి. ప్రతి లాటూ మొత్తంలో ఎన్నో స్థానంలో ఉందో తెలియాలి.

1. రకం లేకుండా విండో పెట్టి రో నంబర్. స్పార్క్ ముందే హెచ్చరిస్తుంది: విండోకి పార్టిషన్ లేదు, డేటా అంతా ఒకే పార్టిషన్‌కి తరలిస్తున్నాను అని. నిజంగానే తరలించింది. హార్డ్ డిస్క్ ఉన్న మిషన్‌కే పడింది. వదిలేశాను.
2. మోనోటానికల్లీ ఇంక్రీజింగ్ ఐడీ. వేగంగా అయిపోయింది. క్రమం సరైనదే, నంబర్లు మాత్రం వరసగా లేవు. మొదటి పార్టిషన్ అయిపోగానే నంబరు ఒక్కసారిగా 8,58,99,34,592కి దూకింది. అది 2కి 33వ ఘాతం. ఐడీ పై భాగంలో పార్టిషన్ నంబరు, కింది 33 బిట్లలో ఆ పార్టిషన్‌లో ఎన్నో వరుసో ఉంటాయి.
3. ఆర్‌డీడీలోకి (స్పార్క్ పాత తరహా డేటా రూపం) మార్చి జిప్ విత్ ఇండెక్స్. నంబర్లు సరిగ్గా వచ్చాయి. కానీ పైథాన్ నుంచి నడిపితే 24 కోట్ల వరుసలూ పైథాన్ గుండా వెళ్లి రావాలి. 26 నిమిషాలు.

రెండోదాంట్లోనే కావాల్సిందంతా ఉంది. సార్ట్ చేసిన డేటాని ఆ ఐడీతో సహా ముందు డిస్క్ మీద రాసేశాను. ఇది ముఖ్యం, రాయకపోతే మళ్లీ లెక్కకట్టినప్పుడు శ్రేణులు మారవచ్చు. తర్వాత:

1. ఐడీని 33 బిట్లు కుడికి జరిపితే పార్టిషన్ నంబరు. మిగిలిన బిట్లు లోపలి వరుస నంబరు, 0 నుంచి.
2. పార్టిషన్ వారీగా కౌంట్. ఇది 200 వరుసల చిన్న పట్టిక.
3. ఆ పట్టిక మీద తనకి ముందున్న కౌంట్‌ల కూడిక. 200 వరుసలే కాబట్టి పార్టిషన్ లేని విండో అయినా ఫర్వాలేదు, హెచ్చరిక వస్తే రానివ్వండి.
4. ఆ చిన్న పట్టికని బ్రాడ్‌కాస్ట్ జాయిన్ చేసి (ప్రతి మిషన్‌కీ కాపీ పంపి కలిపి), కూడిక + లోపలి నంబరు + 1.

సార్ట్, రాత 9 నిమిషాలు, నంబర్లు వేయడం 3. మొత్తం 12.

సరిచూసుకున్నవి: కౌంట్ 24,00,00,000. సీరియల్ కనిష్ఠం 1, గరిష్ఠం 24,00,00,000, డూప్లికేట్లు 0. ధర లేని లాట్లన్నీ చివర్లో. డ్రైవర్‌ని ఆపి మళ్లీ మొదటి నుంచి నడిపి, కావాలని షఫుల్ పార్టిషన్లు 200 నుంచి 120కి మార్చి చూశాను. రెండు ఫలితాల్లో సీరియల్ తేడా ఉన్న లాట్లు 0. ఇక మిగిలింది రకం వారీ ఫోల్డర్లుగా రాయడం. అక్కడ లోపలి సార్ట్‌లో రకం మొదటి కాలమ్‌గా లేకపోతే, రాసేటప్పుడు స్పార్క్ ఫోల్డర్ కాలమ్ మీద తన సార్ట్ తాను వేసుకుని మన తేదీ క్రమాన్ని చెదరగొట్టవచ్చు. రకం ముందు పెట్టి నడిపిన పరుగు ఇంకా సాగుతోంది.